ఎడ్నా కోసేసిన కోర్టు సీను

మా క్రాగ్లీ నాటక సంఘంలో ఎడ్నా సగ్డెన్‌ది వెనక కాళ్ళ వేషం. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంది, పందొమ్మిది క్రిస్మస్‌లు, పండక్కి వేసే పాంటోమైమ్ అనే నవ్వుల నాటకంలో, ఇద్దరు దూరి నడిపే గుడ్డ గుర్రంలో వెనక నడిచింది. ముందు కాళ్ళు మా సెక్రటరీ క్లిఫర్డ్ ఓట్స్‌వి. "పందొమ్మిదేళ్ళు నీ నడుమే చూస్తూ బతికాను, ఇక చాలు" అని రిటైరైన రోజే అతని మొహం మీద చెప్పేసింది.

ఆ మర్నాడే విక్టోరియా రాణి కాలంనాటి నవల ఒకటి తెచ్చింది. ఎనిమిది వందల పేజీలు. రెండు గంటల నాటకం చేస్తానంది.

"ఒక్కసారే ఛాన్సు" అన్నాడు క్లిఫర్డ్. "ఇంటర్వెల్లో టీ తాగేసి సగం మంది ఇంటికెళ్ళారో, ఇక జన్మలో సీరియస్ నాటకం ఊసెత్తకు. మళ్ళీ గుర్రమే."

"ఈసారైనా ముందు కాళ్ళిస్తావా?"

"వాటికి అనుభవం కావాలి ఎడ్నా."

నవల్లో అరవై మూడు పాత్రలు. సంఘంలో మేం పదకొండు మందిమి. ఎడ్నా రెండేళ్ళు కూర్చుని నవల్ని కోసింది. ముగ్గురు మేనత్తల్ని ఒక్క మేనత్తని చేసింది. చర్చి ఫాదర్ని మూడో పేజీలోనే జ్వరంతో చంపేసింది. ఆవిడ నిజంగా ఏడ్చింది మాత్రం కోర్టు సీను కోసినప్పుడే. ఎస్టేటు మేనేజరు కథానాయిక తండ్రి వీలునామా కాజేస్తుంటే చూశామని నలభై మంది ఊరివాళ్ళు సాక్ష్యం చెప్తారక్కడ. నలభై మందిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? దాని బదులు ఒక ఉత్తరం చదివించి సరిపెట్టింది.

నాటకం రోజు హాలు నిండింది. నేను తెర పక్కన నిలబడి డైలాగులు అందిస్తున్నాను. మేనేజరు వేషంలో క్లిఫర్డ్, కథానాయిక బ్రెండా వెనకనుంచి మెల్లగా వీలునామా ఉన్న సొరుగు దగ్గరికి వస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దం.

మా ఊరివాళ్ళకి తెలిసిన నాటకం పాంటోమైమ్ ఒక్కటే. అందులో దొంగ వెనకనుంచి వస్తే జనం అరవాలి, వాడు లేనని బుకాయించాలి. అరవకపోతే మర్యాద కాదు. మూడో వరసలో పికిల్స్ ముసలమ్మ ఆపుకోలేకపోయింది.

"వెనకాలే ఉన్నాడే తల్లీ!"

అంతే. నూట ఇరవై గొంతులు లేచాయి. క్లిఫర్డ్ కూడా అలవాటు కొద్దీ జనంవైపు తిరిగి, "లేనే లేను!" అన్నాడు.

"ఉన్నావ్!"

"లేను!"

ఎడ్నా తెర దింపించి ఇంటర్వెల్ ఇచ్చేసింది.

"ఏం చేశావయ్యా నువ్వు?"

"నేనా? వాళ్ళే మొదలుపెట్టారు!"

బ్రెండా తెర సందులోంచి చూసి, "ఎడ్నా, టీ అయిపోయింది. నవ్వుకుంటూ కోట్లు తొడుక్కుంటున్నారు" అంది.

ఎడ్నా స్క్రిప్టు పక్కన పడేసింది. తర్వాత నల్ల కర్టెన్ ఒకటి లాగి భుజాల మీద కప్పుకుంది. "గంట కొట్టు. కోర్టు సీను వేస్తున్నాం."

"అది స్క్రిప్టులో లేదు కదండీ" అన్నాను.

"నవల్లో ఉంది."

తెర లేచేసరికి జడ్జిగా ఎడ్నా. "ఈ మనిషి వీలునామా తియ్యబోవడం ఎవరైనా చూశారా?"

ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ఆగారు.

"చూశాం!"

"నా కళ్ళతో చూశానండీ," పికిల్స్ ముసలమ్మ లేచింది. "తీసి ఎడమ జేబులో పెట్టాడు."

"కుడి జేబు!" వెనకనుంచి మాంసం కొట్టు డెరెక్.

"నువ్వు నోర్ముయ్ డెరెక్, కళ్ళజోడు ఇంట్లో వదిలేసి వచ్చినవాడివి!"

తర్వాత బ్రెండా ముందుకొచ్చి, తనకి తండ్రి ఆస్తి అక్కర్లేదని, ఆయన చేతిరాత ఉన్న ఆ కాగితం ఇస్తే చాలని అంది. ఈసారి హాల్లో ఒక్కరూ అరవలేదు. డెరెక్ ముక్కు చీదుకోవడం నాకు తెర పక్కకి వినిపించింది. ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాలేదు.

నవల్లో మేనేజరుకి పడే శిక్షే ఎడ్నా చదివింది: ఓడెక్కించి యావజ్జీవం ఆస్ట్రేలియాకి పంపడం.

"పోనీలెండి జడ్జిగారూ," అంది పికిల్స్ ముసలమ్మ జాలిగా. "పాపం పెళ్ళాం ఒంటరిదైపోతుంది."

క్లిఫర్డ్ ఆశగా తల ఎత్తాడు. అయిదో వరసలోంచి వాళ్ళావిడ లేచి నిలబడింది.

"నాకేం ఫర్వాలేదండీ, పంపించెయ్యండి!"

ఎడ్నా పంపించేసింది.