పూజ పళ్లెంలో సైట్ ఆర్డర్ బుక్కు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, హన్మకొండలో ఒక బట్టల వ్యాపారి కట్టించుకుంటున్న షాపుకు మా కన్సల్టెన్సీ నన్ను ఓనరు తరఫు ఇంజనీరుగా వేసింది. ఆయన నాగయ్య సేటు. ముప్ఫై ఏళ్లు అద్దె షాపులో కూర్చున్న మనిషి, ఉన్నదంతా ఆ కట్టడంలో పెట్టాడు.

అగ్రిమెంటు నేనే రాశాను. కాంట్రాక్టరు జారిపోవడానికి సందు లేకుండా రాశానని పొంగిపోయాను కూడా. పనిలో లోపం వస్తే అతనే తన ఖర్చుతో సరిచేయాలి. నోటిమాటలు చెల్లవు. సైట్ ఆర్డర్ బుక్కులో రాసి, ఓనరు సంతకం పెట్టిందే చెల్లుతుంది.

స్లాబు ముహూర్తం నాడు నేను ములుగులో ఇంకో సైటులో ఉన్నాను. ముందురోజే వెళ్లి ఇనుము చూడాల్సింది, వెళ్లలేదు. మధ్యాహ్నానికి వస్తాను, అప్పటిదాకా కాంక్రీటు పోయొద్దని కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. అదీ నోటిమాటే.

వ్యాపారులు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి పూజలోనే సంతకం చేస్తారు. అది కాంట్రాక్టరుకు బాగా తెలుసు. సైట్ ఆర్డర్ బుక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ పక్కన పళ్లెంలో పెట్టాడు. "ముహూర్తం దాటిపోతాంది సేటూ, జర సంతకం పెట్టుండ్రి" అన్నాడట. సేటు బుక్కును కళ్లకద్దుకుని సంతకం పెట్టాడు. ఇనుము ఓనరు చూసి ఒప్పుకున్నారని, ఇంజనీరు తనిఖీ అక్కర్లేదని ఆ పేజీలో ఇంగ్లీషులో రాసి ఉంది.

బాల్కనీకి ఇనుము పైభాగంలో ఉండాలి. కూలీలు తొక్కగా అడుగుకు దిగింది, ఎవరూ లేపకుండానే నేను వచ్చేలోపు కాంక్రీటు పోసేశారు. కింద ఆసరాగా కట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పిన వారానికే బాల్కనీ రోడ్డు వైపు వంగింది. కొట్టేయక తప్పలేదు.

కాంట్రాక్టరు ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. ఓనరు ఒప్పుకున్న పనికి కాంట్రాక్టరు బాధ్యుడు కాడని అగ్రిమెంటులో రాసిందీ నేనే.

సేటు తిట్టి ఉంటే నయంగా ఉండేది. "ఆ బుక్కు నా మంచికే అని మీరే పెట్టిచ్చిన్రు గద సారూ. అందుకే ఏం రాసిండో అడగలే" అన్నాడు.

బాల్కనీని ఆయన ఖర్చుతోనే కొట్టారు. పని అక్కడే ఆగింది. సేటు ఇప్పటికీ అద్దె షాపులోనే కూర్చుంటాడు. కాంట్రాక్టరుకు మాత్రం పనులకు కొదవ లేదు.

తర్వాత రాసిన ప్రతి అగ్రిమెంటులో, ఇనుము విషయంలో ఇంజనీరు సంతకం లేకుండా ఓనరు సంతకం చెల్లదని చేర్చాను. తెలుగులో చదివి వినిపించాకే ఓనర్లతో సంతకం చేయించాను. సేటు కోసం నలభై పేజీల అగ్రిమెంటు రాశాను. నేను పక్కన లేకుండా ఆ బుక్కు ముట్టుకోవద్దని మాత్రం ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.