నలభై మూడు ఉన్నదా అని అడిగిన మనిషి

పోయిన శుక్రవారం పొద్దున్నే మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, చాచా పోయిండు" అన్నది. నమాజుకు లేపబోతే లేవలేదట. ఎవరినీ ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడు.

అలియాబాద్‌లో వాళ్ల ఇంటికి నేను వెళ్లేసరికి వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు. మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి, గాజులరామారం నుంచి దొరికిన బండెక్కి వచ్చారు. అందరూ ఒకే కాలేజీ పిల్లలు. పిల్లలని అంటున్నాను గానీ ఒకరికి బట్టతల వచ్చింది, ఒకరికి కళ్లద్దాలు వచ్చాయి. దూరపు చుట్టం ఒకాయన ఆ మందిని చూసి "వీళ్లంత ఎవరు" అని అడిగితే, చాచా కొడుకు "మా అబ్బా పిల్లలు" అన్నాడు. తండ్రికి ఇంతమంది పిల్లలేమిటో ఇంకేమీ వివరం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

చాచా ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దిక్కు సర్కారు జూనియర్ కాలేజీలో, బైపీసీ పిల్లల ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాడు. పిల్లలందరికీ చాచా. నాకు మొదట్లో ఎవరూ కాదు. నాలుగేళ్ల కింద ఒక ఫోనుతో నా జీవితంలోకి వచ్చాడు. ఇది ఏడుస్తూ రాయాల్సిన సంగతే. కానీ ఆయన్ను తలచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు సంతోషం పొంగుకొస్తుంది. తప్పయితే మన్నించండి.

ఆ ఫోను సంగతి ముందు చెప్పాలి. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ని. చాలా ఏళ్లు శామీర్‌పేట పక్కన ఒక ద్రాక్షతోటలో పని చేశాను. తోట పోయి ప్లాట్లు వచ్చాయి. పందిళ్లు పీకేసి రాళ్లు పాతారు. అదే నేల మీద నేను వాచ్‌మన్‌గా నిలబడ్డాను. గేటు దగ్గరి బోర్డు మీద నా ఫోను నంబరు ఉండేది. పొద్దున లేస్తే ఆ ప్లాటు ఉన్నదా, ఈ ప్లాటు ఉన్నదా అని ఫోన్లు. ఒకరోజు అలాగే మోగింది.

"నలభై మూడు ఉన్నదా?" అన్నాడు అవతలి మనిషి.

"నలభై మూడు ఎప్పుడో పోయింది భాయ్. నలభై ఏడు ఉన్నది, తూర్పు ముఖం, చూస్తవా?"

"పోయిందా? ఎప్పుడు పోయింది? ఎట్ల?" అన్నాడు.

"మొన్న దసరాకు. ఎవరో బ్యాంకాయన పట్టుకపోయిండు."

"పట్టుకపోవుడేంది? పెండ్లి అయిందా?"

"ప్లాటుకు పెండ్లేంది భాయ్, నీకేమన్న పరేషానా?"

"ప్లాటేంది? నేను నీ బిడ్డ గురించి అడుగుతున్న. నలభై మూడు. ల్యాబుల ఎడమదిక్కు కిటికీ కాడ కూసునేది. కప్పను మస్తు సక్కగ కోసేది."

నేను గేటు దగ్గరే కూలబడి నవ్వాను. చాచాకు పిల్లల పేర్లు తెలియవు. ల్యాబులో ట్రే మీద నంబరు, రికార్డు మీద నంబరు, తెల్లకోటు మీద నంబరు. లెక్చరర్లు మారేవాళ్లు, పిల్లలు మారేవాళ్లు, ఆయన మాత్రం ఒక్కొక్క బ్యాచి నంబర్లన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాడు. పక్కన ఊరి పేరు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పక్కన ఫోను నంబరు; మా బిడ్డ పక్కన నాది. రిటైరైన తర్వాత కూడా రాయడం ఆపలేదు. సంతలో ఎవరైనా కలిస్తే "నీ పక్క నంబరోడు ఏడున్నడు" అని అడిగేవాడట. ఒకరికొకరు మర్చిపోయిన పిల్లలు ఆ నోటుబుక్కులో వరుసగా కూర్చొని ఉండేవాళ్లు.

మా బిడ్డ ఆ ల్యాబులో నేర్చుకున్న చదువుతోనే ఇప్పుడు ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తోంది. ద్రాక్ష పందిళ్ల కింద పుట్టిన పిల్ల తెల్లకోటు వేసుకొని పోతుంటే గేటు దగ్గరి నుంచి నేను రోజూ చూస్తాను. చూసిన ప్రతిసారీ నా ఛాతీ వెడల్పవుతుంది. ఇంత మాట రాసుకోవచ్చో లేదో తెలియదు, రాసేశాను.

ఫోను చేసిన మర్నాడే చాచా పాత లూనా మీద గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన నోటుబుక్కు. ఆదివారం కాబట్టి మా బిడ్డ కూడా వచ్చి ఉంది. ఆయన చాయ్ సాసరులో పోసుకొని, ఊదుకుంటూ, విషయం చెప్పాడు. కాలేజీలో బైపీసీ తీసేస్తారట. కిందటేడు తొమ్మిది మందే చేరారు. ఈ ఏడు ఇరవై మంది చేరకపోతే గ్రూపు ఉండదు, ల్యాబు సామానంతా ఇంకో కాలేజీకి పోతుంది.

"పిల్లలకు వేరే కాలేజీలు ఉన్నయి కద చాచా" అన్నది మా బిడ్డ.

"ఉన్నయి. ఉన్నోళ్లకు ఉన్నయి. నీ అసొంటోళ్లకు ఏడున్నయో చెప్పు, నేనే తోల్కపోత" అన్నాడు.

మా బిడ్డ నోటుబుక్కు తన దగ్గరికి లాక్కొని తన బ్యాచి పేజీ తీసింది.

ఆ పేజీలో ఇరవై తొమ్మిదో నంబరు ఎవరో తెలిసినప్పుడు నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన మా వెంచరు సారు, ఆ ప్లాట్లన్నీ వేసిన మనిషి. నేను కుర్చీలోంచి లేచి నిలబడి దండం పెట్టే మనిషి. మండలంలో పెద్ద లీడరు. తెల్లటి బండిలో వచ్చి అద్దం సగం దించి మాట్లాడతాడు. చాచా ఆయనకు ఫోను చేసి "ఇరవై తొమ్మిదీ, గేటు కాడికి రా" అన్నాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

సారు వచ్చాడు. చాచాను చూసి బండి దిగాడు. నేను కుర్చీ తెస్తే కూర్చోలేదు, చాచా ముందు రాతి దిమ్మె మీద కూర్చున్నాడు.

"కప్పను కొయ్యమంటె కండ్లు మూసుకున్నోడివి, ఇయ్యాల గుట్టలు కోస్తున్నవట" అన్నాడు చాచా.

"నీ పుణ్యమే చాచా, అప్పుడు ధైర్యం నేర్పినవ్."

"నేర్పలే. నీ కప్పను నలభై మూడు కోసింది. నువ్వు నీ రికార్డుల బొమ్మ వేసుకున్నవ్. నాకు తెల్వదనుకున్నవా?"

మా బిడ్డ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సారు నన్ను చూసి, ఆమెను చూసి, "ఈమె నీ బిడ్డనా? ఇన్నేండ్లు చెప్పవేంది?" అన్నాడు. ఏం చెప్పాలి? నాకే ఆ రోజు తెలిసింది. ముందే తెలిసినా, మీ కప్పను మా బిడ్డ కోసిందని వాచ్‌మన్ చెప్పుకుంటాడా.

ఆ నెల రోజులు మా దిక్కు జరిగిన పండగ నేను మర్చిపోలేను. నంబర్లు ఒకదాన్ని ఒకటి వెతుక్కున్నాయి. ఏడో నంబరు పన్నెండో నంబరుకు ఫోను, పన్నెండో నంబరు ముప్పయ్యో నంబరుకు ఫోను. ఇరవై ఏళ్లుగా ఒకే బజారులో దుకాణం పెట్టుకొని పలకరించుకోని ఇద్దరు, ఒకే బెంచీవాళ్లమని గుర్తుపట్టి ఒకరినొకరు పట్టుకొని ఊగారు. ఆదివారాలు ల్యాబులో చేరి సున్నం వేశారు, గాజు సామాను కడిగారు. చాచా మాత్రం ఎవరు కడిగినా మళ్లీ కడిగేవాడు.

ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించడానికి సారు ప్లాట్ల ప్రచారం చేసే జీపు ఇచ్చాడు. తన ఫొటోతో ఒక ఫ్లెక్సీ కూడా కొట్టిస్తానన్నాడు. "నీ ఫొటో చూసి కప్పలు కూడ చేరయి" అన్నాడు చాచా. ఫ్లెక్సీ మాట అంతటితో ఆగింది. మైకులో ఎవరు మాట్లాడాలి అంటే అందరూ నా వైపు చూశారు. ప్లాట్ల గురించి రోజూ మాట్లాడేవాణ్ని నేనే కదా. మైకు పట్టుకుంటే నాకు అలవాటైన మాటలే వచ్చాయి. "అమ్మలారా, అయ్యలారా, మంచి అవకాశం, కొన్ని సీట్లే మిగిలినయి, రోడ్డుకు ఆనుకొని ఉన్న కాలేజీ, తూర్పు ముఖం" అనేశాను. జీపు వెనక ఉన్నవాళ్లు కడుపులు పట్టుకున్నారు. చాచా నవ్వలేదు. "ఉన్నది తూర్పు ముఖమే. నిజమే చెప్పిండు, ఇంక గట్టిగ చెప్పనియ్యుండ్రి" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఊర్లో తూర్పు ముఖం అనే చెప్పాను.

వాడల్లో మా బిడ్డా, ఆమె తోటివాళ్లూ ఇల్లిల్లూ తిరిగారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్ల బాధ్యత తీసుకున్నారు. చదువు అర్థం కాకపోతే నాకు ఫోన్ చెయ్యి, నా నంబరు నలభై మూడు అని మా బిడ్డ చెప్పేది. ఆఖరి రోజు మధ్యాహ్నానికి పందొమ్మిది మంది అయ్యారు. ఒక్కరు తక్కువ.

శామీర్‌పేటలో ఒక ఇంటి ముందు ఆగాము. ఆ ఇల్లాలు బియ్యం ఏరుకుంటూ అంతా విన్నది. విని, తల ఎత్తకుండానే అడిగింది. "గంత మంచి కాలేజీ అయితె, నీ మనుమరాలును ఏడ చేర్పించినవ్ చాచా?"

చాచా మనుమరాలు ఆ ఏడే పది పాసైంది. చాచా కొడుకు ఆమెను పట్నం దిక్కు ప్రైవేటు కాలేజీలో చేర్పించాలని అన్నీ మాట్లాడి పెట్టుకున్నాడు. చాచాకు తెలుసు, కొడుకు సంసారంలో వేలు పెట్టలేదు. ముప్పై ఏళ్లు ఊరి పిల్లల్ని వరుసలో కూర్చోబెట్టిన మనిషి, ఆ వాకిట్లో నేల చూస్తూ నిలబడ్డాడు. నేను మైకు ఆపేశాను.

జీపు తిన్నగా అలియాబాద్ పోయింది. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. చాచా ఆయనతో ఏమీ వాదించలేదు. మనుమరాలిని పిలిచి, మా అందరి ముందు అడిగాడు.

"బేటా, నీకు ఏ కాలేజి కావాలె?"

ఆ పిల్ల వాళ్ల నాయన వైపు చూసింది, తాత వైపు చూసింది. "దాదా, ఇప్పటిదాక నన్ను ఎవరు అడిగిండ్రు?" అన్నది. "మీ ల్యాబు చూడాలని చిన్నప్పటి సంది ఉన్నది. నువ్వు ఎప్పుడన్న తోల్కపోయినవా?"

కొడుకే ముందు లేచాడు. "సర్టిఫికెట్లు తీసుకో బిడ్డా, ఆఫీసు బందు పెడతరు, జల్దీ" అన్నాడు. జీపులో ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడం రిజిస్టరులో ఇరవయ్యో పేరు రాస్తుంటే సారు ఈల వేశాడు. మండల లీడరు, ఆఫీసు గదిలో, ఈల. చాచా వెనక్కి తిరిగి "ఇరవై తొమ్మిదీ, బయటికి నడువ్" అన్నాడు. సారు చేతులు కట్టుకొని బయటికి నడిచాడు.

గ్రూపు నిలబడింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతోంది.

గెలిచాం కదా, ఇంక ఎవరి దారి వాళ్లదని నేననుకున్నాను. చాచా అనుకోలేదు. "హాజరంటె ఒక్కసారి వచ్చుడు గాదు, మల్ల మల్ల వచ్చుడు" అనేవాడు. ప్రతి ఎండాకాలం నోటుబుక్కు తీసి ఒక్కొక్కరికీ ఫోను చేసేవాడు. రానివాణ్ని తిట్టేవాడు కాదు, "నీ ట్రే కడిగి పెట్టిన" అనేవాడు. ఆ మాటకు ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా పరుగెత్తుకొచ్చేవాడు. పాత పిల్లలు బెంచీలు బాగు చేయించారు, మంచినీళ్లు పెట్టించారు. మా బిడ్డ నెలకో శనివారం వెళ్లి పిల్లలకు రక్తం గ్రూపు చూడటం నేర్పుతుంది. అక్కడ చదివినవాణ్ని కాదు, పని చేసినవాణ్ని కాదు, అయినా ఆ కాలేజీ నాదీ అన్నట్టు తిరుగుతాను. నంబరు లేనివాణ్ని నేనొక్కణ్నే. ఒకసారి అదే అంటే చాచా, "నీకు మైకు ఉన్నది, నంబరెందుకు" అన్నాడు.

సోమవారం కాలేజీలో చాచాకు సంతాప సభ పెట్టారు. నేను ముందే వెళ్లాను. గేటు దగ్గర ఒక మనిషి, పక్కన సర్టిఫికెట్ల కవరు పట్టుకున్న ఆడపిల్ల. ఎక్కడో లోపలి తండా నుంచి వచ్చారట. గేటుకు అంటించిన కాగితం చూపించి ఆ మనిషి నన్ను అడిగాడు.

"ఏం రాసిండ్రు పెద్దాయనా? నాకు సదువు రాదు."

చదివాను. "బైపీసీ సీట్లన్నీ నిండినవి."

"మల్లొక్కసారి సదువు."

మళ్లీ చదివాను. ఒక్క పేరు కోసం ఊళ్లన్నీ తిరిగిన గ్రూపులో ఇప్పుడు ఒక్క సీటూ లేదట. నా ముఖంలో నవ్వు ఆగడం లేదు. ఆయనకు కోపం వచ్చింది. "నా బిడ్డకు సీటు లేదంటె నవ్వుతున్నవేంది?" అన్నాడు. న్యాయమే. నేను ఆయన చేతులు పట్టుకొని, నవ్వు ఎందుకో చెప్పబోయాను. ఇంతలో మా బిడ్డ వచ్చింది, వెనకే సారు వచ్చాడు. సంగతి విని, సభ సంగతి తర్వాత అన్నారు. ఇంకో సెక్షను అడుగుతూ అర్జీ రాయించాలని, ఆ పిల్లనూ తండ్రినీ వెంటబెట్టుకొని ప్రిన్సిపాల్ మేడం గదిలోకి వెళ్లారు.

నేను గేటు దగ్గరే ఉండిపోయాను. కాగితం ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. అది ఎగిరిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకొని, లోపలి నుంచి పిలిచేదాకా అలాగే నిలబడ్డాను.