మా జ్యూస్ ఫ్యాక్టరీకి వచ్చిన మేడమ్

మేడమ్ పోయారని కుప్పం నుంచి ఫోనొచ్చేసరికి నేను ల్యాబులో ఉన్నాను. చేసింది ఆమె భర్త. "పొద్దున కాఫీ తాగతా కూర్చోనుండింది అమ్మా, అట్నే వాలిపోయింది," అన్నారాయన. డాక్టరు వచ్చేసరికే గుండె ఆగిపోయిందట. నేను బయటికొచ్చి, బెల్టు దగ్గర కాయలు ఏరుతున్న ఆడవాళ్ళకు చెప్పాను. ఎవరో స్విచ్చి ఆపేశారు. మామిడి సీజన్లో ఆ బెల్టు ఆగితే లోపలి నుంచి కేకలొస్తాయి. ఆ పొద్దు ఎవరూ కేకలేయలేదు.

ఆమె మా యజమాని కాదు. మా కంపెనీ దివాలాకు వచ్చినప్పుడు ట్రిబ్యునల్ పంపితే వచ్చిన మనిషి. కేసు తేలేదాకా కంపెనీని నడిపి, అప్పులకు దారి చూసే ఆ ఉద్యోగానికి రిజల్యూషన్ ప్రొఫెషనల్ అని పేరు. మాకు నోరు తిరగక "దివాలా మేడమ్" అనేవాళ్ళం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒకసారి క్యాంటీన్ గుమ్మంలో నిలబడి, "దివాలా మేడమ్ వచ్చింది, కాఫీ ఉండాదా?" అని ఆమే అడిగారు.

మాది పుంగనూరు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. ఊళ్ళో అందరూ జ్యూస్ ఫ్యాక్టరీ అంటారు. మా తల్లి కంపెనీ హాలండులో ఉండేది. అది అక్కడ మునిగిపోయేసరికి ఇక్కడ మాకు ఆర్డర్లు ఆగిపోయాయి. బ్యాంకు ట్రిబ్యునల్‌కు పోయింది. పెద్దమండ్యంలో మా అమ్మానాయన కూలికి పోయి నన్ను చదివించారు. ఆ చదువుతో నేను ల్యాబులో చేరాను. మా ఆయన అదే ఫ్యాక్టరీలో జ్యూసు సీసాల ప్యాకింగు. ఇంటికొచ్చే రెండు జీతాలూ ఆ ఒక్క గేటులో నుంచే రావాలి. అందుకే ఆమె కారు దిగిన రోజు పని వదిలేసి గేటు దగ్గరికి పోయాను.

ఎవరో కోటు వేసుకున్న హైదరాబాదాయన వస్తాడనుకున్నాం. నూలు చీర కట్టుకున్న ఆమె దిగి, మమ్మల్నందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టారు. "మాది కురబలకోట పక్కనప్పా. గొర్రెలు మేపుకునే ఇల్లు. మీరు గుసగుసగా తిట్టుకున్నా నాకు అర్థమైతాది, జాగ్రత్త," అన్నారు. అందరం నవ్వాం. ఎన్నాళ్ళకో నవ్వాం.

బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన లేచి, "అమ్మా, మన కంపెనీ సచ్చిపోయినట్టేనా?" అని అడిగాడు.

"జొరమొచ్చిందప్పా. సచ్చేదీ బతికేదీ మనం సూసుకునేదాన్ని బట్టి."

"మరి పాత మేనేజరు సారు యాల రావడంలే?"

అప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. "అమెరికాలో అయితే ఆయన్నే ఉండనిస్తారు, నువ్వే బాగుచేసుకో అంటారు. ఇంగ్లండులో బయటోడు ఒకడు వచ్చి నడుపుతాడు. ఈడ నా మాదిరిది వస్తాది. ఒక్కో దేశానికి ఒక్కో భయమప్పా. యజమానిని తీసేస్తే యాపారం పోతాదని అమెరికావాళ్ళ భయం. యజమానిని ఉంచితే ఉండేది కూడా పోతాదని మన భయం. ఆ భయాన్ని బట్టే చట్టం రాసుకున్నారు."

ఆమె వచ్చిన కొన్నాళ్ళకే గేటు దగ్గరికి క్రేనూ పెద్ద ట్రైలరూ వచ్చాయి. గుజ్జుకు గాలి తగలకుండా సంచుల్లో నింపే మిషను మా దగ్గర ఒకటే ఉంది. అది హాలండు కంపెనీ సొత్తు. ఆ కంపెనీ ఆస్తులమ్మి అప్పులు తీర్చడానికి అక్కడి కోర్టు నియమించిన ట్రస్టీ దాన్ని ఊడదీసి పట్టుకురమ్మన్నాడట. అది పోతే మా ఫ్యాక్టరీ ఒట్టి రేకుల షెడ్డు. మా వాళ్ళు గేటు దగ్గర గుమిగూడి క్రేను డ్రైవరు మీదికి పోయారు.

మేడమ్ మధ్యలోకి వచ్చారు. కోపమొచ్చే కొద్దీ ఆమె గొంతు తగ్గేది. క్రేనుతో పాటు వచ్చిన ట్రస్టీ వకీలుతో ఎంత మెల్లగా మాట్లాడారంటే మేమందరం నోరు మూసుకుని వినాల్సి వచ్చింది. "మిషను మీదే. కాదనడంలే. కానీ అది ఈ ఫ్యాక్టరీ చేతిలో ఉండాది. ఈ కేసు తేలేదాకా సొంతదారుడైనా సరే, దాన్ని తీసుకోని పోకూడదు. అది ఈ దేశపు చట్టం." తర్వాత మా వైపు తిరిగి, "ఆ డ్రైవరు బాడుగకొచ్చినాడు. ఎండన పడి వచ్చినాడు. మజ్జిగియ్యండి," అన్నారు.

ఆ రోజు నుంచి మేము హాలండు ట్రస్టీని తిట్టని తిట్టు లేదు. ఆమె మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ఆయన దొంగ కాదు. ఆడ కూడా మీ మాదిరి పనోళ్ళు రోడ్డున పడినారు. వాళ్ళకేదో మిగల్చాలని ఆయన తిప్పలు ఆయన పడతాండాడు." ఆయనతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూలింగ్ టవరు చుట్టూ తిరిగేవారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క. ఆయన మాట్లాడేటప్పుడు ఈమె కొరికేవారు, ఈమె వంతు రాగానే ముక్క పక్కకు జరిగేది. "రెండు దేశాల కోర్టులకూ నడాన ఇంకా సరైన దారి వేయలేదమ్మా," అని ఒకసారి నాతో అన్నారు. "దారి లేని కాడ మనిషే నడిచిపోవాల."

నడిచొచ్చింది ఆ హాలండు ట్రస్టీనే. కాయలు దిగుతున్న రోజుల్లో తెల్లటి చొక్కా వేసుకుని మా ఫ్యాక్టరీకి వచ్చాడు. మేడమ్ ఆయనకు ముందుగా కాగితాలేవీ చూపించలేదు. బెల్టు పక్కన నిలబెట్టి పండు చేతికిచ్చారు. ఎట్లా తినాలో తెలియక ఆయన పిండేసరికి రసం మోచేతి దాకా కారింది. బెల్టు దగ్గర ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత నడుస్తున్న మిషను దగ్గరికి తీసుకుపోయి ఆమె ఇంగ్లీషులో చెప్పింది నేను పక్కనుండి విన్నాను. ఊడదీస్తే ఇది పాత ఇనుము. ఇట్లా నడుస్తా ఉంటే కొనేవాడు ఫ్యాక్టరీతో పాటు దీన్నీ కొంటాడు, దాని వెల మీ వాళ్ళకే చేరుతుంది. మిషను ఊడదీయనని ఆయన ఒప్పుకున్నాడు. ఆ సీజను మాకు దక్కింది. బ్యాంకు ఒప్పుకుంది, రెండు దేశాల కోర్టులూ సరేనన్నాయి, బెంగళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని కొనుక్కుంది.

అందరినీ కాదు. కొత్త యజమానులకు సీసాల ప్యాకింగు వద్దు. ఆ మాట చెప్పడానికి మేడమ్ మదనపల్లెలో మా ఇంటికే వచ్చారు. మా ఒక్కరింటికే కాదు, ఆ సెక్షన్లో పనిచేసే అందరి ఇళ్ళకూ పోయారు.

"అప్పా, గేటుకు నోటీసు అంటించి నీకు చెప్పడం నాకు ఇష్టం లే," అన్నారు మా ఆయనతో.

"మీరుండి కూడా యాల ఆపలేకపోతిరి?"

"ఆపుంటే కొనేటోడు ఎలిపోయేటోడు. అప్పుడు అందరికీ పోయేది. అందుకే ఒప్పుకున్నా. అది సరైందో కాదో నాక్కూడా తెలీదప్పా."

ఆమె లేచి వెళ్ళలేదు. నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, ఆయన కోపానికి ఎదురుగా అట్లాగే కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం, "డ్రైవింగు వచ్చునా?" అని అడిగారు. ఇప్పుడు మా ఆయన వాయల్పాడు పక్క పాలవ్యాను తోలుతున్నాడు. ఏడాది పైన ఆమె పేరెత్తనివ్వలేదు. ఆమె మాత్రం నాకు ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో, "మీ ఆయనకు నా మింద కోపం తగ్గిందా?" అని అడిగేవారు. ఇంకా లేదు మేడమ్ అంటే, "ఉండనీలే, న్యాయమే," అనేవారు.

మేడమ్ పోయిన ఆ పొద్దు నేను ఇంటికొచ్చి కుప్పం పోవాలని ఎట్లా చెప్పాలా అనుకుంటూ ఉంటే, సంగతి ఎవరి ద్వారా తెలిసిందో గానీ, మా ఆయన అప్పటికే వ్యాను ఇంకొకరికి అప్పజెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పోదాం పా," అన్నాడు.

కుప్పంలో ఆమె ఇంటి ముందర నల్లకోట్ల వకీళ్ళూ, భుజాన కంబళ్ళేసుకున్న మనుషులూ ఒకే పందిరి కింద కూర్చుని ఉన్నారు. కంబళ్ళవాళ్ళు ఆమె పుట్టింటివాళ్ళు. మట్టిచేసి వచ్చిన తర్వాత ఆమె పెద్దన్న నా పక్కన కూర్చున్నాడు. బాగా ముసలాయన.

"కోర్టులకు పోతా ఉండేదని తెలుసు," అన్నాడు. "పనేందో నాకు ఎప్పుడూ తెలీలేదు. మా సెల్లెలు ఏం జేసేదమ్మా?"

"పడిపోయిన కంపెనీలను లేపి నిలబెట్టేదప్పా," అన్నాను.

"ఎండకు గొర్రె పడిపోతే మేమూ లేపుతాం. లేపేది కష్టం కాదు. అప్పుడే వదిలితే మళ్ళా పడతాది." ఆయన కంబళి పక్కన పెట్టి, రెండు చేతులూ పొట్ట కింద పెట్టినట్టు ముందుకు చాపి చూపించాడు. "కాళ్ళ వణుకు తగ్గేదాకా ఇట్లా పట్టుకోనుండాల."

చూపించడం అయిపోయినా ఆయన చేతులు దించలేదు. మా ఆయనా నేనూ చూస్తుండగా, ఆ పందిరి కింద ఆయన చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.