రెండు కట్టలకూ పసుపు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ ఆ కోపంలో ముప్పాతిక వంతు నా మీద నాకేనని వాళ్లకి తెలియదు. ఎనభైల మొదట్లో, జంషెడ్‌పూర్‌లో, ఒక మనిషికి బతుకులో అన్నిటికన్నా ఇష్టమైన పనిని నేను పోగొట్టాను. పోగొట్టి నోరు మూసుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ఆయన గురించి ఇంకెవరూ రాయరు గనుక నేను రాస్తున్నాను.

మా నాన్నది టాటానగర్ స్టేషన్లో ఉద్యోగం. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్లలం, అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాళ్లం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాక ఊరి పక్కన గమ్హరియాలో ఒక మోస్తరు కార్ఖానాలో ట్రైనీ ప్రోగ్రామర్‌గా చేరాను. ఆ విభాగంలో మొదటి ఆడపిల్లని. పొద్దున్నే కంపెనీ బస్సు ఖర్కాయి నది వంతెన దాటుతుంటే, నేనేదో దేశాన్ని నడపడానికి వెళుతున్నట్టు కిటికీ పక్కన నిటారుగా కూర్చునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

కంప్యూటర్ గదిలో ఇంకో తెలుగు మనిషి ఒక్కరే ఉండేవారు. శ్రీకాకుళం వైపు ఆయన, యాభై దాటినవారు, మెట్రిక్ మాత్రమే చదివారు. యంత్రం చదవడానికి కాగితపు కార్డులకు చిల్లులు కొట్టే పనితో మొదలుపెట్టి ఆ యంత్రం దగ్గరికి చేరారు. అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు. నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. ఎందుకంటే నాకు వచ్చిందంతా ఆయన నేర్పిందే. ఎమ్మెస్సీ కాగితం వల్ల వచ్చింది జీతం మాత్రమే.

ఆ యంత్రం మా కార్ఖానాకి వచ్చేనాటికే ముసలిది. వేరెవరో వాడి వదిలేస్తే మావాళ్లు కొన్నారు. ఎదురెదురుగా ఆరు ఇనప బీరువాలు నిలబెట్టినట్టు ఉండేది. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని, తయారుచేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. కొత్త టేపులు రావు, సందేహం రాస్తే ఉత్తరం రాదు. ఈలోగా మా కార్ఖానా కొత్త ప్రింటర్ కొన్నది, కొత్త డిస్కు కొన్నది. పాత సిస్టమ్‌కి అవేమిటో తెలియదు. కొత్త ప్రింటర్ ‘సిద్ధంగా ఉన్నాను’ అని చెబితే అది జబ్బుపడిందనుకుని పని ఆపేసేది. ఇలాంటివన్నీ ఒక్కొక్కటే పట్టుకుని మాస్టారు దిద్దుబాట్లు రాశారు. మేం వాటిని అతుకులు అనేవాళ్లం. ఆ అతుకుల్ని డిస్కు మీదున్న అసలు సిస్టమ్‌లో కలపడానికి ఆయనకి భయం. అది చెడితే ఇంకో ప్రతి మనదేశంలో దొరకదు. అందుకని అతుకులన్నీ కార్డుల మీదే ఉండేవి, మూడు వందల పైచిలుకు. రోజూ పొద్దున్న యంత్రం లేచాక ఆ కట్టని చదివిస్తే గానీ కొత్త ప్రింటరూ కొత్త డిస్కూ పనిచేసేవి కావు. కార్డులు అరిగిపోతాయని అచ్చు అలాంటిదే రెండో కట్ట కూడా చేసి పెట్టుకున్నారు.

‘‘దీనికి ముసలితనం వచ్చీసింది గానమ్మా, బుద్ధి పోలేదు. కొత్తోళ్లని పరిచయం చేసీవాళ్లు ఉండాల, అంతే,’’ అనేవారు.

మధ్యాహ్నం పంచింగ్ గది మూల బల్ల మీద ఇద్దరం డబ్బాలు విప్పేవాళ్లం. ఆయన డబ్బాలో ఎప్పుడూ పులుసే. తింటూనే ఏ అతుకు ఎందుకు వేయాల్సి వచ్చిందో చెప్పేవారు. నేను హిందీలో అడిగేదాన్ని, ఆయన తెలుగులో చెప్పేవారు. ‘‘నీ తెలుగు ఏ గట్టున పెట్టీసినావేటి?’’ అని వేళాకోళం చేసేవారు. ఆ అరగంట కోసమే నేను ఉద్యోగానికి వెళ్లేదాన్నంటే అబద్ధం కాదు.

ఆ ఏడు వానల్లో, యంత్రాన్ని తీసేసి కొత్తది కొందామని కలకత్తాలోని మా హెడ్డాఫీసులో మాట పుట్టింది. మాస్టారు ఒప్పుకోలేదు. ఇంకో మూడేళ్లు దీన్నే నడపొచ్చు, పాత ప్రోగ్రాములన్నిటినీ మెల్లగా కొత్త పద్ధతికి మార్చుకోవచ్చు అని నాలుగు పేజీలు రాశారు. ఇంగ్లీషు నేను దిద్దాను. మూడేళ్లకు ఆయన రిటైర్మెంట్. యంత్రం ఉంటే ఆ గదిలో ఆయన ఉంటారు. యంత్రం పోతే మెట్రిక్ చదివిన మనిషికి కొత్త యంత్రం దగ్గర కుర్చీ వేయరు. ఇది ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. కలకత్తా నుంచి ముగ్గురు వచ్చి, పాత సిస్టమ్ కొత్త పరికరాలతో పనిచేయడం కళ్లారా చూసి తేల్చాలని నిర్ణయమైంది. విశ్వకర్మ పూజ మర్నాడు పదింటికి వస్తామన్నారు.

జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజంటే వేరే చెప్పాలా? ఆ రోజు పనిముట్టు అన్నది ఎవరూ వాడరు. యంత్రాలన్నీ ఆపి, కడిగి, దండలు వేస్తారు. ఇంటిల్లిపాదీ కార్ఖానాలోకి వచ్చి తమవాళ్లు పనిచేసే చోటు చూసి వెళతారు. మా గదిలోనూ యంత్రాన్ని ఆపేశారు, దానితోపాటే ఏసీ కూడా. మావాళ్లెవరో యంత్రం తలుపు మీద సిందూరంతో స్వస్తిక్ వేశారు. పంతులు దూరంనుంచే గంగాజలం చల్లినట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మాస్టారు తన రెండు కట్టల్నీ ట్రేలో పెట్టి దేవుడి పటం ముందు ఉంచారు. అవే ఆయన పనిముట్లు. తరవాత షెడ్డులో బూందీ పొట్లాలు పంచడానికి వెళ్లారు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. అందరి పనిముట్లకీ బొట్లున్నాయి, ఈయన కట్టలకే ఏమీ లేదు. నాకు మనసొప్పలేదు. అమ్మ పొద్దున పూజకని చిన్న గిన్నెలో తడిపసుపు, పొట్లంలో కుంకుమ ఇచ్చి పంపింది. కట్టని నిలువుగా పెడితే కార్డుల అంచులన్నీ కలిసి పొడుగ్గా, నున్నగా, అచ్చం చిన్న గడపలా కనిపించాయి. మా ఇంట్లో ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసేది నేనే. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పసుపు మెత్తి, పైన వరసగా కుంకుమ బొట్లు పెట్టాను. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే ఏం బావుంటుందని రెండో కట్టకీ పెట్టాను. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాను కూడా. ట్రేని కార్డులు దాచే బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చి ఇంటికెళ్లాను.

ఎమ్మెస్సీ! కార్డు కాగితమని, కాగితం తడిస్తే ఉబ్బుతుందని ఏ చదువూ చదవని మా అమ్మ కూడా చెబుతుంది.

మర్నాడు ఏడున్నరకే మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. యంత్రం లేచింది. బీరువా తీసి కట్టని చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. సెప్టెంబరు ఉక్క, ఏసీ లేని గది, తడిపసుపు. కార్డులు అంచుల్లో ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తే చిరిగాయి. విడిగా వచ్చినవి కార్డులు చదివే రీడర్‌లో నలిగి ఇరుక్కున్నాయి. ఆయన రెండో కట్ట తీశారు. దానికీ పసుపే. నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బావుండేది.

అప్పుడే మేనేజర్ లోపలికి వచ్చాడు. ట్రే చూసి, పసుపు అంటిన కార్డు ఒకటి ఎత్తి పట్టుకుని, ఇది రాసిందెవరని అరిచాడు. ‘‘యే హల్దీ కిస్‌నే లగాయీ?’’

సిందూరం పెట్టేవాళ్లు ఆ గదిలో పదిమంది ఉన్నారు. గడపకి రాసినట్టు పసుపు రాసేవాళ్లం ఇద్దరమే. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆడపిల్లని తీసుకున్నందుకే ఆ మేనేజర్ అడ్డమైన మాటలు పడ్డాడు.

‘‘మైనే లగాయీ సాబ్,’’ అన్నారు మాస్టారు.

నేను అక్కడే, ఆయనకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ‘కాదు, నేను’ అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు.

అతుకులన్నీ ఆయన చేతిరాతలో ఒక నోటు పుస్తకంలో ఉండేవి. వాటిని చూసి మళ్లీ కార్డులు కొట్టడం ఒక్కటే దారి. ఆయన పంచింగ్ యంత్రం ముందు కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని అంకెలు చదివాను. ఒక్క అంకె తప్పితే మొత్తం ఆగిపోతుంది కనుక ప్రతి కార్డునీ రెండుసార్లు సరిచూశాం. ఇంకో ఆపరేటర్ని కూర్చోబెడదామంటే ఆయన వాడే గుర్తులు మా ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కావు. పదింటికి కలకత్తావాళ్లు వచ్చారు. ఉబ్బిన కార్డుల్ని చూశారు, పసుపు సంగతి విన్నారు, ఒకాయన నవ్వాడు. అద్దం అవతల కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టారు తల ఎత్తలేదు. ‘‘చదువమ్మా, ఆపకు,’’ అంటూనే ఉన్నారు.

ఒంటిగంటకి వాళ్లు లేచి వెళ్లిపోయారు. రెండుంబావుకి ఆఖరి కార్డు పడింది. కట్ట చదివించాం. ప్రింటర్ కూసి, గడగడా అచ్చు వేయడం మొదలుపెట్టింది. పాత సిస్టమ్, కొత్త ప్రింటర్, ఒక్క తప్పు లేదు. చూడ్డానికి మేమిద్దరమే ఉన్నాం.

‘‘చూసినావా, పలికింది,’’ అన్నారు, చాలా మెల్లగా.

నెల తిరక్కుండా కలకత్తా నుంచి కాగితం వచ్చింది. ఒక మనిషి మీదా, రెండు కట్టల కార్డుల మీదా ఆధారపడిన యంత్రాన్ని ఇంక నడపకూడదని రాశారు. ఆ మాటలో అబద్ధం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాత యంత్రాన్ని తూకానికి అమ్మేశారు. మాస్టారిని గేటు పక్కనున్న కాటా ఆఫీసుకి వేశారు. లోపలికొచ్చే లారీల బరువు రాసుకునే పని.

కొత్త యంత్రం వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది. పాత ప్రోగ్రాములు దాని మీద ఒక్కటీ సరిగా నడవలేదు. వాటిని మార్చే పని నాకే అప్పగించారు. అడుగడుగునా మాస్టారికి తప్ప ఎవరికీ తెలియని మెలికలు. కాటా ఆఫీసు నా బల్ల నుంచి ఐదు నిమిషాల నడక. నేను వెళ్లలేదు. సందేహాన్ని చీటీ మీద రాసి ప్యూన్ చేతికిచ్చి పంపేదాన్ని. గంటలో జవాబు వచ్చేది, ముత్యాల్లాంటి రాతలో. అడిగినదానికే కాక, నేను రేపు అడగబోయేదానికి కూడా. ఆ చీటీలతోనే నాకు మంచి పేరొచ్చింది. పొద్దున్నే బస్సు గేటు దాటేటప్పుడు నేను అటుపక్క కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాను. మధ్యాహ్నం డబ్బా నా బల్ల మీదే విప్పుకునేదాన్ని. సిగ్గు, భయం అని పేరు పెట్టుకున్నాను గానీ అది పిరికితనం, అంతే. ఆయన రిటైరైన రోజున తలనొప్పని సెలవు పెట్టాను.

ఆ తరవాత ఏడాదికి, ఒక ఆదివారం, ఆదిత్యపూర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. కంట్లో శుక్లాలు వచ్చాయి, గొంతుని బట్టి గుర్తుపట్టారు. మంచం మీద కూర్చోమన్నారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. తెలుగులోనే చెప్పాను. పసుపు నేనే రాశాను మాస్టారూ, మీ కుర్చీ పోయింది నా వల్లే, మీరు నా తప్పు నెత్తిన వేసుకుంటే చూస్తూ నిలబడ్డాను అని.

ఆయన లుంగీ అంచు సవరించుకున్నారు.

‘‘అది నాకు తెలీదేటమ్మా? ఆ పొద్దే తెలుసు. చిన్నపిల్లవి, నీ ఉజ్జోగం పోకూడదని నానే అలాగ చెప్పీసాను. దానికేటుంది? కార్డులు పాడైతే మళ్లీ కొట్టుకున్నాం కాదేటి. యంత్రం ఇయ్యాల కాపోతే రేపు పోవలసిందే.’’ ఊపిరి తీసుకున్నారు. ‘‘కాటా దగ్గర మూడేళ్లు కూచున్నాను. మజ్జానం డబ్బా విప్పీటప్పుడు రోజూ తలుపు కేసి చూసీవాణ్ణి. ఇయ్యాల వత్తాది, ఇయ్యాల వత్తాది అని. చీటీలు వచ్చీవి. నువ్వు రాలేదు.’’