మూడు ముక్కల నవల

అప్పట్లో నెట్‌లో మాకొక పుస్తకాల గ్రూపు ఉండేది. చదివినవాటి గురించి రాసి, మంచివి ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. అందులో నేనొక దయ్యాల నవల కథ చెప్పి, బాగుందని రాశాను. "ఈ చెత్తకి ఇక్కడ చోటు లేదు" అని అడ్మిన్ నా పోస్టు తీసేశాడు.

మర్నాడు పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని అట్ట లేని పుస్తకం చదువుతోంది. తొంగిచూస్తే అదీ దయ్యాల నవలే. మొదలూ లేదు, చివరా లేదు.

"చిరిగిపోయిందా అక్కా?" అన్నాను.

"మేమే చింపినం," అంది తల ఎత్తకుండా. "కంపెనీల ముగ్గురం సదువుతం. ఒకరు సదివేదాంక మిగిలినోళ్ళు ఆగాల్నా? తలొక ముక్క. ఈసారి నాకు నడిమిది వచ్చింది. అన్నం తినేటప్పుడు కూసొని కథ కలుపుకుంటం."

"ఇలాంటివి చదివితే ఎవరూ ఏమీ అనరా?"

"మా సూపర్‌వైజర్ అంటడు, మంచి పుస్తకాలు సదువరాదా అని. అననియ్యి." పేజీ తిప్పింది. "భయపడేది మేము. నడుమ ఆయనకేంది?"

నాచారం రాగానే తన ముక్కను సంచిలో పెట్టుకుని దిగిపోయింది.

ఆ సాయంత్రం, అడ్మిన్ తీసేసిన నా పోస్టును మళ్ళీ రాసి మూడు ముక్కలు చేశాను. గ్రూపులో దయ్యాలంటే ఇష్టపడే ఇద్దరికి చెరొకటి పంపాను. ముగ్గురం ఒకేసారి పెట్టాం. అడ్మిన్ ఒకటి తీసేలోపే జనం మిగతా రెండూ చదివి, కింద కామెంట్లలో కథ కలుపుకోవడం మొదలుపెట్టారు.

నడిమి ముక్క నాది.