పెద్దనాయన నా మీద రాసిన అర్జీ

మా పెద్దనాయన పట్టుచీరలు నేసినవాడు. కళ్లు మసకబారి మగ్గం దిగాక ఆయనకు మిగిలిన పని అర్జీలు రాయడం. వీధి దీపం వెలగకపోయినా, కాలువ పూడిపోయినా, నీళ్లు రాకపోయినా మా వీధివాళ్లు ఆయన అరుగు దగ్గరికే వచ్చేవాళ్లు. కాగితాన్ని కళ్లకు ఆనించుకున్నట్టు పెట్టుకుని నిదానంగా రాసేవాడు. రాసింది అందరికీ చదివి వినిపించి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు నడిచేవాడు. నకలు మీద సీలు పడేదాకా గుమాస్తా బల్ల ముందు నుంచి కదిలేవాడు కాదు. "వచ్చినాడప్పా మళ్లా" అని వాళ్లు విసుక్కున్నా ఆయన పట్టించుకునేవాడు కాదు.

నేను అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. మా ఊరి మున్సిపాలిటీకి ఫిర్యాదుల వెబ్‌సైటు చేసే పని మా కంపెనీకి వచ్చినప్పుడు, నేనే అడిగి తీసుకున్నాను. పెద్దనాయన ఇక ఎండలో నడవాల్సిన పని ఉండదని సంబరపడ్డాను.

పని మొదలైన కొన్నాళ్లకు మున్సిపల్ ఆఫీసులో ఒక అధికారి నన్ను పిలిచాడు. పరిష్కారం కాని పాత ఫిర్యాదులు తెర మీద ఎర్రగా కనిపిస్తున్నాయి. అది ఆయనకు నచ్చలేదు.

"పైనోళ్లు చూస్తారమ్మా. ఏడు రోజులు దాటితే దానంతట అదే పరిష్కారమైనట్ల మారిపోవల్ల. అట్ల పెట్టు."

"పని కాకపోతే సార్?"

"కాకపోతే మళ్లా పెట్టుకుంటారు లే."

అప్పుడు నాకు అందులో పెద్ద తప్పేమీ కనిపించలేదు. ఆ రోజు భోజనానికి లేచేలోపే రాసేశాను. ఫిర్యాదుదారుకు వెళ్లే సందేశం తెలుగులో ఉండాలని మాత్రం అడిగాను. తర్వాత చూద్దామన్నారు. ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

నా పాత ఫోను పెద్దనాయనకిచ్చి, ఫిర్యాదు ఎలా పెట్టాలో నేర్పాను. ఆయన వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "సీలు యాడ వేస్తారు పాపా?" అని అడిగాడు.

"సీలు ఉండదు పెద్దనాయనా. నంబరొస్తుంది."

ఆ నంబరును ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు.

ఎండాకాలం మొదట్లోనే మా వీధి బోరు మోటారు కాలిపోయింది. పెద్దనాయన ఫోనులో ఫిర్యాదు పెట్టాడు. ఎనిమిదో రోజు సందేశం వస్తే మందుల షాపతనితో చదివించుకున్నాడు. "పని అయిపోయిందంటప్పా" అని చెప్పాడతను. మోటారు ఇంకా రాలేదు కాబట్టి, పని మంజూరైందని దానర్థం అనుకున్నాడు ఆయన. వీధిలోకి వచ్చి, ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు, నేడో రేపో మోటారు బిగిస్తారని చెప్పాడు. ఆఫీసు ముందు కూర్చుంటామని బయల్దేరిన ఆడవాళ్లను కూడా ఆయనే ఆపాడు. "రాసిచ్చినారు గదా, రెండు దినాలు చూద్దాం" అన్నాడు.

ఎవరూ రాలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే సందేశం. మూడోసారీ అంతే. ఆడవాళ్లు రెండు వీధులవతల ఉన్న బోరింగు నుంచి నీళ్లు మోసుకున్నారు. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. నేను చేసిన వెబ్‌సైటు గదా, నేను నొచ్చుకుంటానని.

నేను ఊరికి వెళ్లింది ఒక ఆదివారం. పెద్దనాయన అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. ఎదురింటామె బిందె చంకనెత్తుకుని పోతూ ఆగింది.

"ఏమప్పా, నీ ఫోన్లో నీళ్లొచ్చినాయంట గదా. ఈ బిందె ఆడ పెట్టేదా?"

ఆయన తల ఎత్తలేదు. ఆమె వెళ్లిపోయాక ఫోను నా చేతికిచ్చాడు. మూడు సందేశాలు, ఒకే వాక్యం. అది నేను రాసిన వాక్యమే.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేకపోయాను. ఏడు రోజుల సంగతి అంతా వివరించాను.

"అంటే... ఎవురూ చదవలేదా పాపా?"

"లేదు పెద్దనాయనా."

"ఆఫీసులో తిట్టినా, చదివే తిడతాండ్రి" అన్నాడు. నా మీద కోపం లేదు ఆ మాటలో. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది.

మర్నాడు ఆడవాళ్లు ఆయనకు చెప్పకుండానే వెళ్లి ఆఫీసు ముందు కూర్చున్నారు. రెండు రోజుల్లో మోటారు వచ్చింది. నీళ్లు వదిలినప్పుడు వీధంతా గోలగోలగా ఉంది. పెద్దనాయన బయటికి రాలేదని మా నాయన ఫోనులో చెప్పాడు.

తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాను.

"ఒక అర్జీ రాయాల పెద్దనాయనా."

"ఎవురి మీద?"

"నా మీద. ఆ వెబ్‌సైటు మీద."

"నీ ఉద్యోగం పోతాది పాపా."

"పోనీలే, రాయి."

రాశాడు. మనిషి వచ్చి చూడకుండా ఏ ఫిర్యాదునూ మూయకూడదని, అడిగినవాళ్లకు అర్థమయ్యే భాషలో జవాబు ఇవ్వాలని. నా పేరు రాయాల్సిన చోట ఆగిపోయి, "తయారుచేసినవారు" అని మాత్రం రాశాడు. ఎప్పట్లాగే చదివి వినిపించాడు. వినడానికి అరుగు మీద నేను తప్ప ఎవరూ లేరు. ఇద్దరం సంతకాలు చేసి ఆఫీసుకు నడిచాం. ఆ అధికారి కాగితం చదివి నా ముఖం చూశాడు. నకలు మీద సీలు వేయించి ఇచ్చాడు.

వారం తిరక్కుండా కంపెనీ నన్ను ఆ పని నుంచి తప్పించింది. కొన్ని నెలలకు నేనే మానేశాను. ఏడు రోజుల నియమం మాత్రం అలాగే ఉంది. మారింది ఒక్కటే, సందేశం తెలుగులో రావడం మొదలైంది. పక్కింటివాళ్ల ఫోనులో అది చూసి పెద్దనాయన, "తప్పుల్లేకుండా ఉండాది పాపా తెలుగు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆయన అర్జీలు రాయలేదు. అడగడానికి కూడా ఎవరూ రాలేదు. చలికాలంలో జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పోయాడు. చావుకు వీధంతా వచ్చింది. ఎదురింటామె అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. "ఊరికే ఎగతాళి చేసినాను మా, మనసులో పెట్టుకున్నాడేమో" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఒకసారి ఎగతాళి చేసిందంతే. నేను చేసిన పని సంగతి ఆమెకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను కానీ, అప్పటికే శవాన్ని లేపుతున్నారు.

ఇప్పుడు ఇంకోచోట ఇదే పని చేస్తున్నాను. ఫిర్యాదు మూసే ముందు ఆ మనిషికి ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాలని ప్రతి మీటింగులోనూ పట్టుబడతాను. కొందరు ఒప్పుకుంటారు. ఎక్కువమంది నవ్వి తర్వాతి విషయానికి వెళ్లిపోతారు.