నాయన పగలగొట్టిన విగ్రహాలు

ఆళ్లగడ్డలో మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. చెక్కేటప్పుడు ముక్కో వేలో విరిగితే ఆ విగ్రహం పూజకు పనికిరాదు. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయి ఏ గుళ్లోనో నిలబెడతారని, నాయనే సమ్మెటతో తల పగలగొట్టి షెడ్డు వెనక పడేసేవాడు. ఊళ్లో శిల్పులందరూ చేసే పనే. పిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఏం లాభం!

నంద్యాలలో సందుకో నెట్ సెంటర్ వెలసిన రోజులవి. నేను అక్కడే ఒక విత్తనాల కొట్లో పనిచేస్తున్నాను. రైలు టికెట్ కోసం పోతే, నెట్ సెంటర్ ఓనరు ఎవరో పంపిన మెయిల్ చూపించాడు.

"చూడన్నా, మీ ఊర్లో ఏం జరుగుతాందో."

తలలు లేని దేవుళ్ల కుప్ప. ఆళ్లగడ్డలో ముస్లింలు మన దేవుళ్లను పగలగొడుతుంటే ఇంకా నిద్రపోతారా అని కింద రాత. కుప్ప వెనక మా రేకుల షెడ్డు, దండెం మీద మా అమ్మ చీర! అహోబిలం పోతూ ఆగిన వాళ్లెవరో తీసిన ఫొటో అయ్యుంటుంది.

"ఇది మా ఇల్లప్పా. పగలగొట్టింది మా నాయన" అన్నాను.

"ఇంతమంది ఊరికే పంపుతాండారా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ఊరికి పోతే, ఆ మెయిల్ కాగితం మీద అచ్చయి నాకంటే ముందే చేరింది. మా విగ్రహాలకు వరిగడ్డి చుట్టి లారీకెక్కించేది ఒక ముస్లిం ఆయన. నాయనా ఆయనా బావా అంటే బావా అనుకునేవాళ్లు. మాకు మామ. అన్ని షెడ్లకూ ఆయనే దిక్కు. కాగితంలో ఆయన పేరు లేదు, ఊళ్లో ఎవరూ ఆయన్ను అన్నదీ లేదు. నాయనకే భయం పట్టుకుంది. టీకొట్టు ముందు నిలబడి అరిచాడు.

"అవి పగలగొట్టింది నేను. మా బావకేం సంబంధం ల్యా!"

టీ తాగుతున్న ఇంకో శిల్పి గ్లాసు దించాడు. ఆయన షెడ్డు వెనకా అట్లాంటి కుప్పే ఉంది.

"ఆయప్పను కాపాడనీకె నువ్వు మీదేసుకుంటాండావ్ లే" అన్నాడు. ఎంత సిగ్గులేని మాట! చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

తర్వాత ఒక్కో షెడ్డూ మామను పిలవడం మానేసింది. బెలుం వైపు నాపరాళ్ల గనిలో పని దొరికిందని చెప్పిపోవడానికి ఆయన మా ఇంటికొచ్చాడు.

"నువ్వు కాదని అందరికీ చెప్పినా కదా బావా" అన్నాడు నాయన.

"నువ్వు చెప్పినంకనే బావా, వాళ్లకు నేను గుర్తుకొచ్చింది."